పలక మనది, వ్రాత పరులది

ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడిన మరునాటినుండి మార్కాపురములోగాని, గిద్దలూరులోగాని ఏ వీధియరుగున కూర్చున్నను ఒక్క మాటయే చెవిని బడును. అబ్బాయి ఇంజనీరింగునకు పోవుచున్నాడా? ర్యాంకు ఎంత? కంప్యూటరు శాఖ దొరకునా? ఈ సందడిలో ఏ పిల్లవాడైనను ధైర్యము చేసి, "నాయనా, నేను అంతర్జాతీయ సంబంధములు ప్రధానముగా డిగ్రీ చదువుదును" అనెనా, ఇల్లంతయు ఒక్క క్షణము నిశ్శబ్దమగును. పిమ్మట పెదనాయన గొంతు సవరించుకొని యడుగును: "ఆ చదువు కూడు పెట్టునా, అబ్బాయీ?"

మేము ఆ పెదనాయనను పరిహసింపము. వానలు మొగము చాటువేసిన యేట ఇంటికి తాళము వేసి హైదరాబాదునకో బెంగుళూరునకో కూలికి తరలిపోవు కుటుంబములు గల సీమ యిది. ఇచ్చట కూటిమాట ఎత్తినవానిని చూచి నవ్వువాడు ఈ నేల నెఱుగనివాడు. కాని ఆయన ప్రశ్నకు ఆయన యెదురుచూడని ప్రత్యుత్తర మొకటి కలదు. మన కూడు ఎవరు పెట్టుచున్నారు, ఎవరు తీయుచున్నారు అను సంగతి తెలుపు విద్యకే నేడు అంతర్జాతీయ సంబంధములని పేరు. దానిని మన బిడ్డలు చదువకుండుటచేత మన కూడు నిలిచినది లేదు. ఎచ్చటికి పోయినదో తెలియకుండ పోయినది మాత్రము కలదు.

ఇంజనీరింగు సంగతియే మొదట చూతము. 2025 సెప్టెంబరు 19వ తేదిని అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటనపై సంతకము చేసెను. ఎచ్-1బీ వీసాపై వెలుపలినుండి క్రొత్తగా పనివారిని రప్పించుకొను యజమాని ఒక్కొక్క దరఖాస్తునకు లక్ష డాలర్లు చెల్లింపవలయునని దాని సారము. అంతకు నాలుగు నెలల ముందు, మే నెల చివర, విద్యార్థి వీసాల ముఖాముఖికి క్రొత్త తేదీలిచ్చుటను కొన్ని వారములపాటు నిలిపివైచిరి. పొలము కుదువబెట్టి బిడ్డను పంపదలచిన తండ్రులు ఆ వారములలో కంటినిండ నిద్రపోయిరా? లెక్కలలో ఆరితేరిన ఆ కుఱ్ఱవాని భవితవ్యము లెక్కలవలన తేలలేదు. వాషింగ్టను నగరపు రాజకీయమువలన తేలినది. ఆ రాజకీయమును మాత్రము చదువనక్కఱలేదట! వంట నేర్చినవాడు పొయ్యి యెవరిదో అడుగగూడదట!

ఇక మన పలక. దేశమున ఏ మూల అక్షరాభ్యాసము జరిగినను బిడ్డ యొడిలో మార్కాపురపు పలక యుండెడి కాలము మన పెద్దలకు జ్ఞప్తియున్నది. ఈ నేల కడుపులోని నల్లరాతిని పొరలుపొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్కచట్టము బిగించి ఊరూర ఓనమాలు దిద్దించిన పట్టణ మిది. ఆ పలకలు చేసిన చేతులలో బడి మొగమెఱుగని పసిచేతులు గలవన్నది మన సిగ్గు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టము వచ్చెను. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకము నారంభించినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులు, మీర్జాపూరు తివాచీలతోపాటు మార్కాపురము పలకల పరిశ్రమయు ఆ మొదటి పట్టికకెక్కెను. మన ఊరి పేరు ఢిల్లీ కాగితములలో ఆ విధముగ వెలిగినది!

ఆ పట్టిక వెనుకనున్న కథ మన పట్టణమున ఎందఱెఱుగుదురు? 1919లో వర్సేల్సు సంధితో పుట్టిన అంతర్జాతీయ కార్మికసంస్థలో భారతదేశము మొదటినుండియు సభ్యురాలు. ఆ సంస్థ పనికి కనీసవయస్సును నిర్ణయించు 138వ ఒడంబడికను 1973లోను, బాలకార్మికతలోని మిక్కిలి క్రూరరూపములను నిషేధించు 182వ ఒడంబడికను 1999లోను చేసినది. మన దేశము ఆ రెంటిని ధ్రువీకరించినది 2017లో. మొదటిదానికి నలుబదినాలు గేండ్ల ఆలస్యము! ఈ నడుమ 1990 దశకమున, పిల్లలు నేసిన తివాచీలను కొనబోమని పడమటిదేశముల అంగళ్లయొద్ద ఉద్యమము లేచెను. వర్తకసంధులలో కార్మికనిబంధనలను చేర్పవలెనని ధనికదేశములు పట్టుబట్టినవి. అవి మా సరకును అడ్డగించుటకు వేసిన మాఱువేషపు సుంకములని బీదదేశములు ఎదురుతిరిగినవి. ఆ వాదములో రెండువైపుల న్యాయమున్నది, రెండువైపుల కపటమున్నది. ఏది న్యాయమో, ఏది కపటమో విడదీసి చెప్పగలవారిని మార్కాపురము తయారు చేసికొనియుండినయెడల, పిల్లలను బడికి పంపుచునే పరిశ్రమను నిలుపుకొను మార్గమును మనమే ముందుగ చూపియుందుము. మనము చేసినదేమి? పైనుండి ఉత్తరువు వచ్చువఱకు కన్నులు మూసికొంటిమి. వచ్చిన పిమ్మట కన్నీరు పెట్టితిమి.

మఱియొక సంగతి. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి మనుష్యుని లోలోపల చంపు సిలికోసిస్ రోగమును 2030 నాటికి లోకమునుండి తుడిచివేయవలెనని కార్మికసంస్థయు, ప్రపంచ ఆరోగ్యసంస్థయు కలిసి 1995లో సంకల్పించినవి. రాయి కోయు మన కార్మికుడు ఆ సంకల్పమును చూపి, నీటితో తడిపి కోయు యంత్రమును, ముఖమునకు ముసుగును యజమానినుండియు ప్రభుత్వమునుండియు అడుగవచ్చును గదా. లోకము తన కట్టి మాట ఇచ్చినదని అతనికి చెప్పువాడెవడు?

రాజనీతి చదివినవారు ఊరి కేమి చేయుదురని అడుగువారు ఒక్క చరిత్ర వినవలయును. నెల్లూరు సీమవారును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్ర, రాజనీతి బోధించినవారునగు మామిడిపూడి వెంకటరంగయ్యగారిని పెద్దలెఱుగుదురు. వారి మనుమరాలు శాంతా సిన్హాగారు ఉస్మానియాలో రాజనీతిశాస్త్రము చదివి, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రమునకే ఆచార్యురాలైరి. తాతగారి పేరిట 1981లో వెలసిన సంస్థద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనికి పోవు పిల్లలను బడికి మరలించిరి. 2003లో మెగసెసే పురస్కారము వారిని వెదకికొని వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల సంరక్షణ సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైరి. పుస్తకమున చదివిన రాజనీతి పొలముగట్టుమీదికి నడచివచ్చుట యన నిది. మార్కాపురపు పలకల కార్ఖానాలయెదుట అట్టివారు పదిమంది మన బిడ్డలలోనుండియే ఏల లేవగూడదు?

పలకనుండి పొగాకునకు రండు. పొదిలి, కనిగిరి వేలముకేంద్రములలో బేళ్లు పెట్టుకొని కూర్చున్న రైతు, ధర పలుకనినాడు పొగాకు బోర్డును తిట్టును, కొనుగోలుదారుని తిట్టును, చివరకు తన నుదుటిని తిట్టుకొనును. 1975 నాటి చట్టముచే ఏర్పడి గుంటూరు కేంద్రముగా నున్న ఆ బోర్డు, ఏటేట ఎంత పంట పండింపవలెనో కొలత నిర్ణయించుచున్నది. బ్రెజిలులో ఎంత పండినది, జింబాబ్వేలో ఆకు ఏ తరగతిది, అను లెక్కలు మన బ్యారను రైతు చెవిని బడవు గాని, అతని బేలు ధరలో అవి కూర్చుండియే యుండును. వానికిని పైన మఱియొకటి కలదు. 2003లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పొగాకు నియంత్రణమునకై ఒక ఒడంబడిక నామోదించెను. 2004 ఫిబ్రవరిలో భారతదేశము దానిని ధ్రువీకరించినది. 2005 ఫిబ్రవరి 27 నుండి అది అమలులోనికి వచ్చినది.

ఆ ఒడంబడిక చెడ్డదని మేమనము. పొగ త్రాగుట ప్రాణము తీయునని ఎఱిగియు దానిని వెనుకవేసికొని వచ్చుట మా పని గాదు. కాని దాని పదునేడవ అధికరణము నొకసారి చదువుడు. పొగాకు పండించువారికి, ఆ పనిలోని కార్మికులకు, చిల్లర అమ్మకపువారికి గిట్టుబాటగు వేఱు జీవనోపాధులను ప్రభుత్వములు ప్రోత్సహింపవలెనని అందున్నది. ఇది పొదిలి రైతునకు దేశదేశములు వ్రాసియిచ్చిన పత్రము. ఆ పత్రము తన పేరనున్నట్లు అతనికి తెలియదు. 2016 నవంబరులో ఆ ఒడంబడిక దేశముల ఏడవ మహాసభ ఎక్కడో జెనీవాలో గాదు, మన ఢిల్లీ ప్రక్కనున్న గ్రేటర్ నోయిడాలో జరిగినది. పొగాకు రైతులు తమ మొర వినిపింపవలెనని పోయిరి. లోనికి ప్రవేశము దొరకలేదు. మన నేలపై కూర్చుండి మన పంటనుగూర్చి లోకము మాటలాడుచుండగా మన రైతు గేటువెలుపల నిలిచెను.

రైతుల పేరిట సిగరెట్టు కంపెనీలు సభలోనికి దూరునను భయము ఆ సభవారి కుండెను. ఆ భయము నిరాధారమని చెప్పుటకు మాకు నోరాడదు. అందువలననే మనవాడొకడు కావలయునని మేము చెప్పునది. కంపెనీ జీతగాడు గాక, పొదిలి రైతు కన్నబిడ్డ, ఆ పదునేడవ అధికరణమును చేతబట్టుకొని, "అయ్యా, పొగాకు మానుదుము. శనగ వేయమందురా, కంది వేయమందురా? దానికి ధర కట్టువారెవరు? కట్టిన బ్యారనుమీది అప్పు తీర్చువారెవరు?" అని వారి పరిభాషలో వారి నియమములనుబట్టి అడుగగలవాడు కావలయును. వాడు ఆకాశమునుండి ఊడిపడడు. వానిని చదివింపవలయును.

ప్రపంచము మన గడపకు నేడు క్రొత్తగా వచ్చినదికాదు. గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు, దొనకొండలమీదుగా పందొమ్మిదవ శతాబ్దపు చివరిపాదమున పడిన మీటరుగేజి దారి పడమట గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి దాటి పోర్చుగీసువారి గోవాలోని మార్ముగోవా రేవుతో కలిసెడిది. ఆ కొనను రేవును, ఇనుపదారిని సాధ్యపఱచినది 1878లో ఇంగ్లండు పోర్చుగలులు చేసికొన్న సంధి. మన స్టేషనులో టిక్కెట్టు కొన్న తాత లిస్బను పేరైనను వినియుండడు. కంభము చెఱువు మాటయు నట్టిదే. విజయనగరపు కాలమున గుండ్లకమ్మ కడ్డముగ కట్టిన ఆ చెఱువును, ఢిల్లీలో ప్రధానకార్యాలయము గల అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చినది. ఒకదినము పత్రికలలో చూచి మురిసితిమి. ఆ గౌరవమును ఆధారము చేసికొని చెఱువు బాగునకు ఎవరిని, ఏ నియమము చూపి, ఏమి కోరవచ్చునో ఆలోచించిన సభ యేదైన కంభమున జరిగినదా? జరిగియున్న మాకు వ్రాయుడు, సంతోషముతో ప్రకటింతుము.

"ఇది ఢిల్లీవారి చదువు, మారుమూలకు తగదు" అందురు కొందఱు. వారికి అబెరిస్ట్‌విత్ అను ఊరు చూపుదుము. అది వేల్సుదేశమున సముద్రపుటొడ్డున నొక చిన్న పట్టణము. అంతర్జాతీయ రాజనీతికి లోకమున మొట్టమొదటి ఆచార్యపీఠము 1919లో అచ్చట వెలసినది. లండనులో గాదు, ఆక్స్‌ఫర్డులో గాదు! మొదటి మహాయుద్ధమున మడిసిన విద్యార్థుల జ్ఞాపకార్థము డేవిడ్ డేవీసు అను నతడును, అతని యిరువురు సోదరీమణులును ఇరువదివేల పౌండ్లిచ్చిరి. ఆ సొమ్ము తాతగారు బొగ్గుగనులవలన, రైలుమార్గములవలన ఆర్జించినది. బడిలో తల్లిభాష మాటలాడిన పిల్లవాని మెడలో శిక్షగా చెక్కముక్క వ్రేలాడదీసిన కాలమును ఆ వేల్సు జాతి చూచినది. అట్టి జాతి, అట్టి మూల, బొగ్గుగనుల సొమ్ము. ఇచ్చట రాతిగనుల సొమ్ము గలదు. గనుల యజమానులు గుడిగోపురములకు, కల్యాణమంటపములకు ఇచ్చుచున్నారు, మంచిదే. ఒక ఆచార్యపీఠమునకు ఎవరైన ఇచ్చిరా?

మన దేశముననైన ఈ విద్య నిన్నమొన్నటిది గాదు. 1943లో ప్రపంచవ్యవహారముల భారతమండలి, 1955లో దాని ఆధ్వర్యమున ఢిల్లీలో అంతర్జాతీయ అధ్యయన విద్యాలయము వెలసినవి. ఆ విద్యాలయము 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున కలిసినది. కలకత్తాలోని జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమున 1956లోనే ఇందుకు ప్రత్యేకశాఖ యేర్పడెను. వంగదేశపు బాలునకు ఇంటిచెంత నున్నది గిద్దలూరు బాలునకు రెండు పగళ్ల ప్రయాణపు దూరమున నున్నది.

ఇప్పుడీ చదువు అమ్మకమునకును వచ్చినది. ఢిల్లీచుట్టు అద్దాలమేడలలో వెలసిన ప్రైవేటు విశ్వవిద్యాలయములు లక్షలకొలది రుసుము పుచ్చుకొని మూడేండ్లకో నాలుగేండ్లకో ఈ పేరుగల పట్టమిచ్చుచున్నవి. చక్కని ఆచార్యులు అచ్చట లేరని మేమనము. కాని అచ్చటి పట్టభద్రులతో మాటలాడి చూడుడు. 1648 నాటి వెస్టుఫాలియా సంధి గడగడ వచ్చును. తన తాలూకాలో పండు పంట ఏ రేవునుండి ఏ దేశమునకు పోవునో రాదు. చరిత్ర, అర్థశాస్త్రము, న్యాయము అను పునాది పడకముందే ఈ మేడ కట్టుట తగదని, దీనిని ఎం.ఏ.లో చదువుటయే మేలని కొందఱు విద్వాంసులు చెప్పుదురు. వారి మాటలో సగము సత్యము. పునాది లేని మేడ వలదన్నంతవఱకు వారితో మేమును ఏకీభవింతుము. కాని పందొమ్మిదవ యేట ఓటువేయు పౌరునకు లోకవ్యవహారము ఇరువదిమూడవ యేటికి వాయిదా వేయుట మాకు న్యాయముగ తోపదు. మార్కాపురము బిడ్డలలో ఎం.ఏ. గడప తొక్కువారు ఎందఱు? బి.ఏ.లోనే ఆ పునాదియు ఈ విద్యయు కలిపి నేర్పవలయును.

రాధాకృష్ణపండితులు తత్త్వశాస్త్రము చదివి 1949 మొదలు 1952 వఱకు మాస్కోలో రాయబారము నెఱపలేదా, పి.వి. నరసింహారావుగారు న్యాయశాస్త్రము చదివి 1980లో విదేశాంగమంత్రి కాలేదా, ప్రధానిగా 1993లో చైనాతో సరిహద్దుశాంతి ఒప్పందము చేసికొనలేదా, అని అడుగువారును గలరు. చేసిరి. మహామేధావులకు పట్టములతో పనిలేదు. అయినను మేధావులు పుట్టువఱకు ఒక జాతి తన వ్యవహారములను ఆపుకొని కూర్చుండజాలదు. నూటనలుబది కోట్ల జనముగల దేశమునకు విదేశాంగ సర్వీసులో వేయికి కొంచెము పైబడిన యధికారులు మాత్రమే యున్నారని 2023లో పార్లమెంటు స్థాయీసంఘము వేలెత్తి చూపినది. పట్టము చేతికి రాగానే రాయబారి యుద్యోగము పరుగెత్తుకొని వచ్చునని చెప్పుట మోసము. ఆ మోసము చేయు కరపత్రములను మేము చూచితిమి. ఈ చదువు చదివినవాడు ఎగుమతి వర్తకునియొద్దనో, కార్మికసంఘముననో, న్యాయస్థానముననో, పత్రికాలయముననో, బడిలోనో పనిచేయును. గల్ఫునకు పోవు కూలివాని కాగితము చదివి, 1983 నాటి వలస చట్టము అతనికిచ్చు రక్షణ యేమో చెప్పును. ఇవి చిన్న పనులా?

భాషమాట చెప్పక తీరదు. 2021-22 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ చదువులన్నియు ఆంగ్లముననే యుండవలెనని మన రాష్ట్రమున ప్రకటించిరి. ఆంగ్లము నేర్వవలసినదే, ఒడంబడికలు ఆ భాషలోనున్నవి. కాని నేర్వవలసిన భాష వేఱు, ఆలోచింపవలసిన భాష వేఱు. 1905లో జపాను రష్యాను ఓడించిన వార్తను తెలుగుపత్రికలలో చదివి, పఠనాలయములలో నలుగురికి వినిపించి పులకించిన తాతల మనుమలము మనము. వారికి పోర్టు ఆర్థరు దూరము గాలేదు. పి.వి.గారే ప్రథమాధ్యక్షులుగా 1968లో వెలసిన తెలుగు అకాడమి రాజనీతిశాస్త్రగ్రంథములను తెలుగున అచ్చొత్తించినది. 2016 నాటి సివిలు సర్వీసుల పరీక్షను తెలుగులో వ్రాసి శ్రీకాకుళము జిల్లావాడగు రోణంకి గోపాలకృష్ణ దేశమున మూడవ స్థానము పొందెను. ఆ పరీక్షలో అంతర్జాతీయ సంబంధములు ఒక విషయమని వేఱుగ చెప్పనక్కఱలేదు. తెలుగున ఈ విద్య పలుకదని చెప్పువారు దేనిని చూచి చెప్పుచున్నారు?

కావున మా కోరిక యిది. 1928లో సైమను సంఘమును బహిష్కరించిన నాడు తుపాకులయెదుట ఱొమ్ము చూపిన ఆంధ్రకేసరి పేరు పెట్టుకొని 2022లో ఒంగోలున వెలసిన విశ్వవిద్యాలయము, మార్కాపురము, గిద్దలూరు డిగ్రీ కళాశాలలలో బి.ఏ. తరగతులకు అంతర్జాతీయ సంబంధములను ప్రధానవిషయముగా చేర్పవలయును. బోధన తెలుగున సాగవలయును; ఒడంబడికల మూలపాఠము ఆంగ్లమున చదివింపవలయును; చీనా, అరబ్బు, ఫ్రెంచి భాషలలో నొకటి నేర్పవలయును. చివరియేట ప్రతివిద్యార్థియు పలకల గనినో, పొగాకు బ్యారనునో, కంభము చెఱువునో, వలసపోయిన వీధినో తీసికొని, దానిని తాకుచున్న సంధి యేదో వెదకి వ్రాయవలయును. ఆచార్యులేరీ అని అడుగుదురు. రాజనీతిలో పట్టములు పుచ్చుకొని ఉద్యోగము లేక ప్రైవేటు బడులలో అన్నివిషయములు బోధించుచున్న మన సీమయువకులను పిలిచి చూడుడు.

వచ్చు విద్యాసంవత్సరపు పాఠ్యప్రణాళికలు కుదురులోపల ఈ అర్జీ ఒంగోలు చేరవలయును. మార్కాపురము, గిద్దలూరు, కంభము, పొదిలి, కనిగిరి గ్రంథాలయములలో మేజాపై ఒక కాగితమును, ఒక కలమును ఉంచుట కార్యదర్శులకు కష్టము గాదు. మొదటి సంతకము ఆ పెదనాయనచేత చేయింపుడు.